సొంత దూది

“నలభై ఏడు... నలభై ఎనిమిది...”

సత్యలక్ష్మి గోంగూర వలుస్తూ లెక్కపెడుతోంది. ఆమె చూపు గూట్లో ఉన్న టైంపీసు మీదికీ, చాప మీదున్న భర్త మీదికీ మార్చి మార్చి పోతోంది. వేళ్లు మాత్రం ఎవరితోనూ పని లేనట్టు కాడ నుంచి ఆకు తుంచి చేటలో పడేస్తున్నాయి. త్రినాథరావు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాలి బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అరచేతులు పైకి తెరుచుకుని ఉన్నాయి. నోరు ఒక బియ్యపు గింజ పట్టేంత తెరిచి ఉంది. పొట్ట కదలడం లేదు.

“యాభై రెండు... యాభై మూడు... ఆఁ, కదిలింది.”

అతను కళ్లు తెరిచాడు. “ఏం కదిలింది?”

“కుడి కంటి రెప్ప.”

“కదల్లేదు.”

“కదిలిందండీ. చూస్తూనే ఉన్నాగా.”

“నువ్వు గోంగూర చూస్తున్నావు.”

సత్యలక్ష్మి చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను లేచి కూర్చుని టైంపీసు అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. షూటింగుల్లో అతను డెబ్బై దాటిన రోజులున్నాయి. మద్రాసులో ఒకసారి కెమెరా అసిస్టెంటు స్టాప్‌వాచీ పెట్టి చూసి ఎనభై నాలుగు అన్నాడు. ఇంట్లో మాత్రం పదమూడేళ్లలో ఒక్కరోజైనా యాభై అయిదు దాటలేదు. అయితే టైంపీసు మెల్లగా నడుస్తూ ఉండాలి, లేదా సత్యలక్ష్మి అబద్ధం చెబుతూ ఉండాలి. ఇన్నేళ్లుగా అతని అనుమానం ఈ రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంది. మధ్యలో రెండుసార్లు టైంపీసు మార్చాడు కూడా.

సినిమాల్లో శవాలు ఊపిరి పీలుస్తాయి. శ్రద్ధగా చూస్తే ఎవరికైనా కనబడుతుంది. చొక్కా రెండో గుండీ దగ్గర మెల్లగా పైకి లేస్తుంది, మెడ పక్కన ఒక నరం కొట్టుకుంటుంది. త్రినాథరావు శవం పీల్చదు. అతని పేరు నిలబడిందల్లా దాని మీదే. గుమాస్తా వేషాలకీ, ప్లీడరు వేషాలకీ, పెళ్లిపందిట్లో పెద్దమనిషి వేషాలకీ యూసుఫ్‌గూడలో వందమంది ఉన్నారు. కాని శవం ముఖం మీద కెమెరా తీరిగ్గా నిలబడాలన్నా, కొడుకు వేషం వేసినవాడు తండ్రి గుండె మీద తల పెట్టి పేజీడు డైలాగు చెప్పాలన్నా, త్రినాథరావుకే కబురు వచ్చేది. అలా పద్దెనిమిది సినిమాల్లో పోయాడు. కత్తిపోటుకీ, గుండెపోటుకీ, పరువు పోయిన అవమానానికీ పోయాడు. సాధారణంగా మొదటి అరగంటలోనే పోయేవాడు.

ఈ సీరియల్లో మాత్రం ముప్పై ఒక్క వారాలుగా బతికి ఉన్నాడు.

పరంధామయ్య అనే తాతగారి పాత్ర. ఉదయం కాఫీలో పంచదార ఎక్కువైందని కోడలి మీద విసుక్కుంటాడు, వీధరుగు మీద కూర్చుని పేపరు చదువుతాడు, మనవరాలి చదువు గురించి బెంగపెట్టుకుంటాడు. కథలో అతని వల్ల జరిగేదేమీ లేదు. కాని ప్రతి బుధవారం సాయంత్రం ఏడున్నరకి ఉంటాడు. పళ్లబండి రాజయ్య ఇప్పుడు త్రినాథరావుని ‘తాతగారూ’ అంటాడు. సిటీ బస్సులో ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. అరవై రెండేళ్ల వయసులో, ఒకే మనిషిగా ఇంతకాలం ఉండటం అతనికి ఇదే మొదలు. ఆ పాత్ర పోతే తనకింకేమీ మిగలదని అతనికి తెలుసు. ఆ సంగతి సత్యలక్ష్మితో అనలేదు.

గడ్డం గీసుకుంటూ అద్దంలో ముఖం చూసుకున్నాడు. పొడుగాటి ముఖం. ఎడమ కనుబొమ కుడిదానికంటే కొంచెం పైకి ఉంటుంది. మొదటి సినిమాలో దర్శకుడు దాన్ని చూసే ఎస్టేటు గుమాస్తా వేషం ఇచ్చాడు. “నువ్వేం చెయ్యకు. ఎవరు మాట్లాడుతున్నా నమ్మనట్టు నిలబడు, చాలు” అన్నాడు. త్రినాథరావు అలాగే నిలబడ్డాడు. సినిమా రిలీజైనప్పుడు నిడదవోలు టాకీసుకి అత్తవారి తరపు పదకొండుమందిని తీసుకెళ్లాడు. రెండున్నర గంటల్లో తెర మీద అతని భుజం ఒకసారి కనబడింది, అంతే. మిగతాదంతా ఎడిటింగులో పోయింది. బయటికి వస్తుంటే బావమరిది, “భుజం బాగా చేశావు బావా” అన్నాడు. ఆ రోజు నుంచి నమ్మనట్టు నిలబడటానికి అతనికి కెమెరా అవసరం లేకపోయింది.

ఇవాళ్టి అనుమానానికి మాత్రం కారణాలున్నాయి. పోయిన వారం అతను లేనప్పుడు ప్రొడక్షన్ మేనేజరు పోచయ్య ఇంటికి వచ్చి, సత్యలక్ష్మిని అడిగి ఒక ఫోటో పట్టుకెళ్లాడు. ఎందుకంటే, ఆఫీసులో కావాలన్నాడట. ఆల్బం తెరిచి చూస్తే నల్ల అట్ట మీద ఫోటో మూలల్ని పట్టే నాలుగు కాగితపు ముక్కలూ ఖాళీగా ఉన్నాయి. రెండోది, ఇవాళ్టి సీను కాగితం తనకి ఇవ్వలేదు. మూడోది అన్నిటికంటే చెడ్డది. కిందటిసారి ప్యాకప్ అయ్యాక డైరెక్టరు సూర్యప్రకాశరావు కారు దిగి వచ్చి మరీ నమస్కారం పెట్టాడు.

అందుకే ఇవాళ పొద్దున చాప మీద అతను చేసిన సాధన వేరు. కావాలని వదిలినట్టు ఎవరికీ తెలియకుండా ఊపిరిని ఎక్కడ వదలవచ్చో వెతుక్కున్నాడు.

* * *

మెటడోర్ వ్యాన్లో వెనక సీట్లో బసవపున్నయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు. తెనాలి మనిషి, భారీ శరీరం, నవ్వితే పొట్ట ముందు నవ్వుతుంది. మద్రాసులో ఇద్దరూ ఒకే గదిలో ఆరేళ్లున్నారు. పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చి ఒకే సందులో ఇళ్లు అద్దెకి తీసుకున్నారు. సీరియల్లో అతనిది పరంధామయ్య బావమరిది వేషం.

త్రినాథరావు ఎక్కగానే బసవపున్నయ్య చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడత పడేలోగా అందులో ‘భోరున’ అనే మాట కనబడింది.

“ఏంటది?”

“సీను పేపరయ్యా.”

“నాకివ్వలేదే.”

“నీకు మాటల్లేవేమో.”

“నీకెలా తెలుసు?”

బసవపున్నయ్య కిటికీ వైపు తిరిగాడు. “ఇదిగో త్రినాథం, పొద్దున్నే నన్ను క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యమాక. ఇడ్లీ తిన్నావా లేదా?”

“పోచయ్య మా ఇంటికొచ్చినట్టు నీకు తెలుసా?”

“ఎవరెవరింటికి ఎవరొచ్చారో రాసుకోడానికి నేనేమన్నా గూర్ఖానా?”

వ్యాన్ కృష్ణానగర్ దాటి పైకి ఎక్కింది. బండరాళ్ల మధ్య కొత్త మేడలు లేస్తున్నాయి. ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టుంటే త్రినాథరావు సీటు వైపు అనుమానంగా చూశాడు. దిండులో కొబ్బరిపీచు ఒక పక్కకి పోయింది. అందుకే కాబోలు అనుకున్నాడు. ముందు సీట్లో పోచయ్య ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మామూలుగా అయితే దారి పొడుగునా మాట్లాడే మనిషి.

జూబ్లీహిల్స్‌లో సీరియల్ తీసే ఇల్లు రెండంతస్తులది. యజమానులు పైన ఉంటూ కింది భాగం షూటింగులకి ఇస్తారు. గేటు దగ్గర కాగితప్పూల తీగ, లోపల ఎవరూ వాయించని వీణ. మూల పడకగదిలో మేకప్. బల్బులున్న అద్దం ముందు త్రినాథరావు తన సంచి లోంచి సామాను తీసి వరసగా పెట్టుకున్నాడు. సొంత దువ్వెన, సొంత తువ్వాలు, సొంత వక్కపొడి డబ్బా. ఆ రేకు డబ్బాలో వక్కపొడి ఉండదు, దూది ఉంటుంది. ఒకసారి రాజమండ్రి అవుట్‌డోర్లో కంపెనీవాళ్లు లాడ్జి దిండు చింపి దూది తెచ్చి ముక్కులో పెట్టారు. పాడె మీద తుమ్మాడు. ఆ తరవాత తన చావుకి కావలసిన దూది తనే తెచ్చుకుంటున్నాడు.

మేకప్‌మన్ వెంకటనర్సయ్య ముఖానికి రంగు పులుముతున్నాడు.

“ఇవాళ రంగు తేడాగా ఉందేం నర్సయ్యా?”

“లైటింగు గట్ల వెట్టిండ్రు సార్.”

“లైటింగుకి పెదాలు నల్లబడతాయా?”

వెంకటనర్సయ్య చెయ్యి ఆగింది. “నన్నెందుకు అడుగుతరు సార్. వాళ్లు జెప్పిండ్రు, నేను ఏసిన. మీరు ఫికర్ జెయ్యకుండ్రి.”

అతను స్పాంజి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, మంచం వెనక పేపరు చుట్టి గోడకి ఆనించి ఉన్న చదరపు వస్తువు త్రినాథరావుకి కనబడింది. లేచి వెళ్లి పేపరు మూల కొద్దిగా చింపాడు. గాజు కింద తన పళ్లు కనబడ్డాయి. ఇంకా చింపాల్సిన అవసరం లేకపోయింది. అతను నవ్విన ఫోటో లోకంలో ఒక్కటే ఉంది.

అది ఎనభై ఆరులో మద్రాసులో తీసింది. ఆ రోజు మొదటిసారి తెర మీద పోయాడు. పాడె మీద పడుకున్నవాడు షాటు అయ్యాక లేచి కెమెరాలోకి నవ్వాలని ఒక ఆచారం ఉంది. ఆ నవ్వు ఎక్కడా వాడరు, కత్తిరించి పారేస్తారు. అయినా పెద్ద పెద్ద దర్శకులు కూడా అది తీయకుండా కెమెరా కట్టరు. నవ్వకపోతే చావు ఆ మనిషి వెంట ఇంటికి వెళుతుందంటారు. ఆ రోజు, తన భాగం ఈసారి ఎడిటింగులో పోదన్న ధీమాతో, త్రినాథరావు నిజంగానే నవ్వాడు. స్టిల్ ఫోటోగ్రాఫరు దాన్ని పట్టుకున్నాడు.

ఫ్రేము పక్కన గంధపు చెక్కల దండ చుట్టి పెట్టి ఉంది.

తన అనుమానం నిజమైనందుకు అతనికి ముందు కలిగింది బాధ కాదు. ఒక రకమైన తృప్తి. నేను చెప్పలేదూ అని ఎవరితోనైనా అనాలనిపించింది. గదిలో ఎవరూ లేరు.

* * *

సూర్యప్రకాశరావు కాకినాడ కుర్రవాడు, ముప్పై రెండేళ్లుంటాయి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“గురువుగారూ, కథ పదేళ్లు ముందుకి వెళుతోందండీ. మనవరాలు పెద్దదవ్వాలి. ఇంట్లో ఒక పెద్ద దిక్కు పోయినట్టు చూపించకపోతే ఆ పదేళ్లూ ఎవరూ నమ్మరండీ.”

“పున్నయ్య?”

“ఆయన ఉంటారండీ. జుట్టు ఇంకొంచెం తెల్లబడుతుంది.”

“ఓహో.”

“మీరు అపార్థం చేసుకోకండి. మీ ముఖం మీద ఏకంగా నలభై సెకన్ల క్లోజప్ పెట్టాను. మీరు కాక ఇంకెవరు ఉండగలరు గురువుగారూ?”

త్రినాథరావు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో మర్యాద ఎంతో, పని జరిగిపోవాలన్న తొందర ఎంతో తేల్చుకోలేకపోయాడు. “సరే” అని లేచి, సంచి వరండాలో తగిలించి వచ్చాడు.

హాలు మధ్య చాప మీద పడుకోబెట్టారు. వెంకటనర్సయ్య రేకు డబ్బాలోంచి దూది తుంచి తెచ్చి రెండు ముక్కుల్లోనూ పెట్టాడు. తల దగ్గర దీపం, బొటనవేళ్లకి తాడు. చుట్టూ నిలబడినవాళ్లు కళ్లలో గ్లిజరిన్ వేసుకున్నారు.

“యాక్షన్.”

త్రినాథరావు మనసులో పది లెక్కపెట్టి, ముక్కులోంచి ఆవగింజంత గాలి వదిలాడు.

“కట్. గురువుగారూ, దూది పోగు కదిలిందండీ.”

“అలాగా.”

రెండోసారి కుడి రెప్ప. మూడోసారి గొంతు దగ్గర గుటక. నాలుగోసారి కింది పెదవి. పదమూడేళ్లు చేతకాదనిపించుకోని పనిని చేతకానట్టు చేయడానికి కూడా నేర్పు కావాలి. ప్రతి తప్పూ వేరే చోట చేశాడు. తను పోయినట్టు టేపు మీద పడనంత వరకూ పరంధామయ్య బతికే ఉన్నాడు. వచ్చే బుధవారం కాఫీ అడగవచ్చు. లైట్ల వేడికి నుదుటి మీద చెమట పడితే వెంకటనర్సయ్య వచ్చి అద్ది వెళుతున్నాడు. యూనిట్లో ఎవరో గుసగుసగా, “పెద్దాయన పని అయిపోయింది” అన్నారు. ఆ మాట కళ్లు మూసుకున్న అతని చెవికి స్పష్టంగా చేరింది.

ఆరోసారి బసవపున్నయ్య భోరున ఏడుస్తూ అతని గుండె మీద వాలిపోయాడు. మాటలు తరవాత డబ్బింగులో చెప్పుకునేవే కాబట్టి, ఏడుపు మధ్యలో చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.

“బావా! పోయావా బావా!... ఒరే త్రినాథం, ఎందుకురా ఇది? నలభై సెకన్లు పోరా నాయనా... మమ్మల్ని వదిలి పోయావా!... నన్ను చంపమని నేనే అడిగానురా. పొట్ట ఊగుద్ది, క్లోజప్‌కి కుదరదన్నారు... అయ్యో బావా!... నీ శవం బాగుంటదంట. నేనేం చెయ్యను?”

పున్నయ్య పొట్ట అదురుతోంది. కన్నీళ్లు త్రినాథరావు మెడ మీద పడుతున్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి. కాని గ్లిజరిన్ కన్నీళ్లు కూడా అంతే వెచ్చగా ఉంటాయి. ఆరేళ్లు ఒకే గదిలో ఉన్న మనిషి ఏడుపులో ఏది వేషమో ఏది కాదో తెలుసుకునే దారి ఒక్కటీ అతనికి దొరకలేదు. ఎడమ కనుబొమ దానంతట అదే పైకి లేచింది.

“కట్!”

సూర్యప్రకాశరావు విసుగు దాచుకుంటూ, “క్లోజప్ వద్దులే. ముఖం మీద గుడ్డ కప్పేయండి. కాళ్ల వైపు నుంచి తీసేద్దాం” అన్నాడు.

తెల్లటి గుడ్డ అతని ముఖం మీదికి వచ్చింది. దాని కింద త్రినాథరావు ఊపిరి పీల్చాడు. వదిలాడు. గట్టిగా పీల్చాడు. గుడ్డ ముక్కు దగ్గర లోపలికి పోయి బయటికి వచ్చింది. ఎవరూ కట్ చెప్పలేదు. కెమెరా కాళ్ల దగ్గర ఉంది. అతని బొటనవేళ్లూ, వాటి తాడూ, అవతల ఏడుస్తున్న కుటుంబమూ ఫ్రేములో సరిపోయాయి. ఎంత పీల్చినా ఎవరికీ పట్టలేదు.

“ఓకే! షాట్ ఓకే.”

ఆ మాట విన్నాక కూడా అతను గుడ్డ తీసుకోలేదు. వెంకటనర్సయ్య తీశాడు. కెమెరా అప్పుడే తల వైపుకి తిప్పారు. సూర్యప్రకాశరావు చేతులు కట్టుకుని, “గురువుగారూ, ఒక్కసారి లేచి నవ్వండి” అన్నాడు.

త్రినాథరావు లేచాడు. ముక్కులోని దూది లాగి పారేశాడు. తాడు విప్పుకున్నాడు. “నేనెందుకు నవ్వాలి? పోయింది నా కాళ్లు. వాటిని నవ్వమనండి.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పోచయ్య ముందుకి వచ్చాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి, చేతులు జోడించాడు.

“సార్, నా మీద కోపం ఉంటె నన్ను తిట్టుండ్రి. ఫోటో నేనే తెచ్చిన, తప్పు నాదే. గని గట్ల పోవద్దు సార్. ఒక్క పారి నవ్వుండ్రి. మంచిగుండదు.”

“నీకు భయమా, నామీద ప్రేమా పోచయ్యా?”

“రెండూ సార్.”

త్రినాథరావు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. అక్కడ కూడా ఏమీ తేలలేదు. వరండాలో తగిలించి ఉన్న సంచి భుజాన వేసుకుని గేటు దాటాడు. వెనక నుంచి బసవపున్నయ్య “వ్యాన్లో దింపుతారు, ఉండయ్యా!” అని అరిచాడు. అతను ఆగలేదు.

* * *

దిగుడు రోడ్డు. మధ్యాహ్నపు ఎండ బండరాళ్ల మీద నుంచి ఎగసి ముఖానికి కొడుతోంది. సంచి బరువుకి కాబోలు, ఎడమ చెయ్యి గుంజుతోంది. సంచి కుడి భుజానికి మార్చాడు. అయినా ఎడమ చెయ్యే గుంజింది. దాని సంగతి ఆలోచించే తీరిక అతనికి లేదు. నర్సయ్య, పున్నయ్య, పోచయ్య, అందరికీ ముందే తెలుసు. ఫోటో ఇచ్చిన సత్యలక్ష్మికి తెలియకుండా ఉంటుందా? కృష్ణానగర్ మొదట్లో పళ్లబండి రాజయ్య అతన్ని చూసి లేచి నిలబడ్డాడు.

“తాతగారూ! గిదేంది, మొఖం గట్లున్నది? పానం బాగలేదా?”

మేకప్ తుడుచుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. “వేషం” అని ముందుకి నడిచాడు.

సత్యలక్ష్మి తలుపు తీసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఏమీ అడగకుండా కొబ్బరినూనె, గుడ్డ తెచ్చి ఇచ్చింది. అతను ముఖం తుడుచుకుని, గుడ్డ ఆమెకిచ్చి చాప మీద కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు.

“ఆ ఫోటో ఎందుకిచ్చావు?”

“మంచిది అడిగాడండీ. మీరు నవ్వుతున్నది అదొక్కటే ఉందిగా.”

“దండ వెయ్యడానికని తెలుసా నీకు?”

ఆమె చేతిలో గుడ్డ కింద పడింది. తెలియదని ఆమె అనలేదు. అననక్కరలేదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో సత్యలక్ష్మి వేషం వేయడం అతను చూడలేదు. చూడలేదు అనుకుంటుండగానే, పొద్దుటి సంగతి గుర్తొచ్చింది.

“ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. పొద్దున నా కన్ను కదిలిందా?”

ఆమె చూపు గూట్లో టైంపీసు మీదికి పోయింది.

“నిన్న? మొన్న? ఇన్నేళ్లలో ఒక్కసారైనా కదిలిందా?”

“లేదు.”

“మరి?”

“భయమేసేదండీ.” ఆమె కింద పడిన గుడ్డ తీసి మడతలు పెడుతూ చెప్పింది. “యాభై దాకా వేషంలాగే ఉంటుంది. ఆ తరవాత... మీలా ఉండరు. నాకు ఊపిరాడేది కాదు. అందుకని కదిలిందనేదాన్ని. అంటే లేస్తారుగా.”

త్రినాథరావు ఆమెని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లుగా మోసిన అనుమానాల్లో నూటికి నూరుపాళ్లూ నిజమైంది ఇదొక్కటే. మనిషి అబద్ధం ఆడుతోందని కనిపెట్టాడు. ఎందుకో మాత్రం పదమూడేళ్లూ తట్టలేదు. లోపల్నుంచి ఏదో పొంగుకొచ్చింది. దగ్గేమో అనుకున్నాడు. నవ్వు. పళ్లన్నీ కనబడేలా, భుజాలు అదిరేలా నవ్వాడు. సత్యలక్ష్మి ముందు బిత్తరపోయి, తరవాత తను కూడా నవ్వింది. ఆల్బంలో ఖాళీ అయిన చోటు ఆమెకి గుర్తొచ్చింది.

“టైంపీసు తీసుకో” అన్నాడు అతను, వెల్లకిలా పడుకుంటూ.

“ఇప్పుడెందుకండీ? అలిసిపోయి వచ్చారు.”

“అసలు ఎంతో ఇంట్లో ఒకసారి తెలియాలిగా. ఇవాళ మాత్రం ఆపకు.”

బొటనవేళ్లు కలిశాయి. అరచేతులు తెరుచుకున్నాయి. ఆమె లెక్క మొదలుపెట్టింది.

యాభై దగ్గర సత్యలక్ష్మి గొంతు అలవాటుగా తడబడింది. ‘కదిలింది’ అన్నమాట నాలుక మీదికి వచ్చింది. మింగేసింది. అరవై. డెబ్బై. ఎనభై నాలుగు దాటినప్పుడు ఆమెకి చిన్నపిల్లలా సంతోషం కలిగింది. తొంభై. వంద. నూటపది దగ్గర లెక్క మానేసింది. కాని పిలవలేదు. ఆపవద్దన్నాడుగా. టైంపీసు చప్పుడు గది నిండా ఉంది. గోడకి అవతల కుళాయిలో నీళ్లు వచ్చాయి. ఎవరో బిందె పెట్టారు. బిందె నిండి పొర్లింది.

“కదిలిందండీ,” అంది ఆమె మెల్లిగా. “కుడి కన్ను. కదిలింది. లేవండి.”

సాయంత్రానికి వాకిట్లో చెప్పులు పేరుకున్నాయి. బసవపున్నయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లలో ఏమీ వేసుకోలేదు, ఏడుపు రావడం లేదు. ఇంటి యజమానురాలు రాజమ్మ లోపలికి వచ్చి సత్యలక్ష్మి భుజం మీద చెయ్యి వేసింది.

“సత్తెమ్మా, దూది ఉన్నదా అవ్వా?”

“ఆయనదే ఉంటుంది, సంచిలో. వేరేవాళ్ల దూది ఒప్పుకోరు.”

రాజమ్మ సంచి విప్పి చాప పక్కన గుమ్మరించింది. దువ్వెన లేదు. తువ్వాలు లేదు. పాత బస్సు టిక్కెట్లూ ఒక కళ్లజోడు కవరూ పడ్డాయి.

జూబ్లీహిల్స్ ఇంట్లో సామాను సర్దుకుని అందరూ వెళ్లిపోయారు. మూల గదిలో ఫ్యాను ఆపడం మరిచిపోయారు. అద్దం ముందు వక్కపొడి డబ్బా మూత తీసే ఉంది, అంచు మీదికి వచ్చిన దూది పోగు ఒకటి కదులుతోంది.